నల్లగొండసీమ జలదోషము – చరరాశుల వివేచనము

పరిశోధకుడు మొదట నెఱుగవలసినది మాఱునది యేది, దానిననుసరించి మాఱునది యేది యను వివేకము. మొదటిదానిని స్వతంత్రచరరాశి యనియు, రెండవదానిని పరతంత్రచరరాశి యనియు వ్యవహరింతురు. తెలుగుదేశమున నీ వివేకమునకు నల్లగొండసీమ ఫ్లోరైడు వ్యాధి చరిత్రము చక్కని యుదాహరణము.

1937వ సంవత్సరమున షార్టు మున్నగు వైద్యులు నెల్లూరు జిల్లాలోని వ్యాధిని వర్ణించి, త్రాగునీటి యందలి ఫ్లోరైడే దానికి కారణమని నిర్ణయించిరి. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులనుగూర్చి బ్రిటిషు మెడికల్ జర్నలులో ప్రకటించెను. ఇచట నీటిలోని ఫ్లోరైడు స్వతంత్రరాశి. పంటిమచ్చలు, కీళ్లబిగువు, వెన్నువంగుట పరతంత్రరాశులు. వీని కొలతలును భిన్నములు. ఫ్లోరైడును లీటరునకిన్ని మిల్లీగ్రాములని కొలుతురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన హద్దు 1.5. పంటిమచ్చలను డీన్ ఏర్పఱచిన తరగతులలో వరుసగా నుంచవచ్చునేకాని, ఒక తరగతి మఱియొకదానికి రెట్టింపని చెప్పరాదు. స్త్రీపురుషభేదము, గ్రామభేదము పేర్లు మాత్రమే. వానికి హెచ్చుతగ్గుల క్రమము లేదు.

1973లో హైదరాబాదు జాతీయ పోషకాహారసంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామిగార్లు ఫ్లోరైడు పీడిత గ్రామములందు మోకాళ్లు రెండును లోనికొరసికొనునట్లు కాళ్లు వంకరవోవు వికారమును ప్రకటించిరి. ఫ్లోరైడు నీరు పూర్వమునుండి యున్నదే. ఈ వికారము క్రొత్తది. కావున మఱియొక రాశిని వెదకవలసివచ్చెను. 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరమువలన పరిసరముల భూగర్భజలమట్టము పెరిగి, నేలలోని మాలిబ్డినము జొన్నగింజల కెక్కి, దేహమునందలి రాగిని తగ్గించెనని యూహించిరి. 1977లో ప్రకటితమైన ధాన్యపరీక్షలలో వ్యాధిగ్రామముల జొన్నలయందు మాలిబ్డినము హెచ్చుగా గనబడెను.

నైయాయికులిట్టి రాశిని ఉపాధి యను పేర నెఱిగియుండిరి. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు. పచ్చికట్టె తోడైననే పొగ పుట్టును. ఇచట ఫ్లోరైడు నిప్పు; ఆహారము పచ్చికట్టె.

2016 వఱకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెము ఒక్క నల్లగొండ జిల్లాలోనివే. అయినను మిర్యాలగూడెము, కోదాడ ప్రాంతములకు సాగరపు టెడమకాలువయు, సూర్యాపేట ప్రాంతమునకు మూసీనీరును అందినవి. కాలువ పాఱినచోట వరి పెరిగెను. పాఱనిచోట బావినీరే దిక్కు. జిల్లాపేరునే రాశిగా గ్రహించినచో బావి, కాలువ, జొన్న, వరి యన్నియు నందు మఱుగుపడును. సగటు లెక్కలో పీడిత గ్రామము కనబడదు; కనబడని గ్రామమునకు మంచినీరును చేరదు.