పేకాట – కోర్టు మాట

మా జంగమకోటె పక్క పల్లెల్లో 'ఎనభై ఏడు' అంటే ఏమిటో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. అది కర్ణాటక పోలీసు చట్టం, 1963లోని 87వ సెక్షను. బయలు జాగాల్లో, వీధుల్లో డబ్బు పెట్టి జూదమాడితే పెట్టే కేసు. ఉగాది మరునాడు, కన్నడంలో వర్షద తొడకు అంటారే, ఆ రోజు తోపుల్లో 'అందర్ బాహర్' ఆడేవాళ్ళను జీపులో ఎక్కించుకొని పోవడం మనకు పండుగలో ఒక భాగమే అయిపోయింది. అదే పేకముక్కలతో ఊళ్ళోని క్లబ్బులో కూర్చొని రమ్మీ ఆడితే జీపు రాదు. ముక్కలు అవే, డబ్బు అదే, మనుషులు కూడా చాలావరకు వాళ్ళే. మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాదు. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకొంటున్నవాణ్ణి. అయినా ఈ ప్రశ్నను పట్టుకొని కొన్ని పాత తీర్పులు చదివితే, ఈ కథలో సగం మన తెలుగువాళ్ళదీ, ఇంకో సగం మన బెంగళూరుదీ అని తెలిసింది.

ముందు బెంగళూరు సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పత్రికల్లో పదబంధం పోటీలు జోరుగా నడిచేవి. పదం పూరించి రుసుముతో పంపితే పెద్ద బహుమతి. బొంబాయి ప్రభుత్వం 1948లో ఈ పోటీల మీద అదుపూ పన్నూ పెడుతూ చట్టం చేసింది. కాని బొంబాయి రాష్ట్రం బయట అచ్చయ్యే పత్రికలను అందులోనుంచి మినహాయించారు. ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా అనే ఆయన సంస్థ నడిపిన 'స్పోర్టింగ్ స్టార్' అనే వారపత్రిక అచ్చయ్యేది బెంగళూరులో, అంటే అప్పటి మైసూరు రాష్ట్రంలో. చదివి డబ్బు పంపేవాళ్ళలో మాత్రం ఎంతోమంది బొంబాయి రాష్ట్రంవాళ్ళు. 1952లో చట్టాన్ని సవరించి ఆ సందు మూసేశారు. చమర్‌బాగ్‌వాలా కోర్టుకు వెళ్ళాడు. బొంబాయి హైకోర్టులో గెలిచాడు గాని, 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్. ఋగ్వేదంలోని జూదరి సూక్తం మొదలుకొని మహాభారతం, మనువు, యాజ్ఞవల్క్యుడు దాకా అందరినీ సాక్ష్యానికి పిలిచాడు. పన్ను కేసులో జూదరి సూక్తం రావడం మా బ్యాంకు సర్క్యులర్లు చదివి అలసిన కళ్ళకు పండుగగానే ఉంది. తేల్చిన మాట ఏమంటే, జూదం వ్యాపారం కాదు. కాబట్టి వ్యాపారం చేసుకొనే ప్రాథమిక హక్కు దానికి వర్తించదు. పదబంధం ఆధారానికి రెండు మూడు పదాలు సరిపోతున్నప్పుడు, ముందే తేల్చి పెట్టుకొన్న జవాబుతో కలిసిందా లేదా అన్నది అదృష్టమే గాని విద్య కాదు అన్నారు.

అదే రోజు, అదే చమర్‌బాగ్‌వాలా పేరుతోనే ఇంకో తీర్పు వచ్చింది. అది 1955లో కేంద్రం చేసిన బహుమతి పోటీల చట్టం గురించి. ఆ చట్టం ప్రకారం నెలకు బహుమతుల మొత్తం 1000 రూపాయలు దాటకూడదు, ఒక పోటీకి 2000 ఎంట్రీలు దాటకూడదు. ఆ తీర్పు రాసింది టి.ఎల్. వెంకటరామ అయ్యర్. ముత్తుస్వామి దీక్షితుల కృతులను డి.కె. పట్టమ్మాళ్‌కు నేర్పిన సంగీత విద్వాంసుడు ఆయనే. నేర్పు అంటే ఏమిటో తెలిసిన మనిషి! నేర్పు ప్రధానమైన పోటీ వేరు, అదృష్టం ప్రధానమైన పోటీ వేరు, ఈ చట్టం రెండోదానికే వర్తిస్తుంది అని ఆయన గీత గీశాడు. ఇప్పటిదాకా మన దేశంలో ఆటల మీద వచ్చిన వ్యాజ్యాలన్నీ ఆ గీతకు అటో ఇటో నిలబడ్డవే.

ఇక మనవాళ్ళ వంతు. 1963లో సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అనే చోట పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ నడుస్తోంది. నిజాం కాలం నాటి హైదరాబాదు జూద నిషేధ చట్టం, 1305 ఫసలీ నాటిది, దాని కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' అని ఈనాటికీ ప్రతి పేకాట కేసులోనూ ఉదహరించే తీర్పు ఇదే. 1967 నవంబరులో వచ్చింది. రాసింది ఎం. హిదాయతుల్లా. తర్వాత ఆయనే ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

మూడు ముక్కలాట, అంటే ఫ్లష్, బ్రాగ్ వంటివి, పూర్తిగా అదృష్టం ఆటలన్నాడు ఆయన. రమ్మీ అట్లా కాదు. ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో లెక్క వేసుకోవాలి. ముక్కలు కలిపి పంచడం వల్ల అదృష్టం కొంత ఉంటుంది గాని, ఆ మాటకొస్తే బ్రిడ్జిలోనూ ఉంది కదా అన్నాడు. కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట. క్లబ్బు వసూలు చేసే కొద్దిపాటి రుసుము చూసి అది లాభం కోసం నడిచే జూదపు ఇల్లు అనడానికి లేదన్నాడు.

ఇంతవరకు అందరూ చెప్పుకొంటారు. ఆ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పైకి చదవరు. ఇంటివాడో క్లబ్బువాడో పందెం పెట్టి ఆడే ఆటవల్ల లాభం చేసుకొంటున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా సరే నేరం కావచ్చు అని ఆ వాక్యం సారాంశం. లెక్కలవాడిగా నాకు అసలు కీలకం ఇక్కడే కనిపిస్తుంది. ఆటలో నేర్పు ఎంత అన్నది వకీళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న. ప్రతి ఆటలోనూ బల్లవాడి వాటా ఎంత అన్నది ఖాతా పుస్తకం చెప్పే జవాబు. నలుగురు ఆడుతుంటే ప్రతి చేతికీ పందెంలో నూటికి పది బల్లవాడు తీసుకొంటూ పోతే, కొన్నాళ్ళకు ఆ నలుగురి డబ్బులో ఎక్కువ భాగం బల్ల కిందనే ఉంటుంది. ఎవరి నేర్పు ఎంతదైనా సరే.

గుర్రప్పందాలకు కూడా 1996లో ఇదే నేర్పు ముద్ర పడింది. లక్ష్మణన్ కేసులో, అది మద్రాసు రేసుల గొడవ. మన రాష్ట్రంలో లాటరీలు 2007లో ఆగిపోయాయి. చిక్కబళ్ళాపురం బస్టాండులో టికెట్లు అమ్మే బల్లలు లేకుండా పోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తర్వాత పేకబల్ల సెల్‌ఫోనులోకి దూరింది. నడిపే కంపెనీలు సత్యనారాయణ తీర్పును చేతపట్టుకొని, మాది నేర్పు ఆట అని ప్రకటనలు వేసుకొన్నాయి. 1967 నాటి ఆ క్లబ్బు ఎక్కడ, ఒకే రాత్రి లక్షల మంది కూర్చొనే బల్ల ఎక్కడ? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. అంటే సత్యనారాయణను సుప్రీంకోర్టు దాకా లాగిన తెలుగు ప్రభుత్వం ఓడిన యాభై ఏళ్ళకు, దాని వారసులు ఇద్దరూ వేరే దారిన అక్కడికే వచ్చారు. కర్ణాటక 2021లో పోలీసు చట్టాన్ని సవరించింది. 2022 ఫిబ్రవరి 14న మన హైకోర్టు దాన్ని కొట్టేసింది. నేర్పు ఆటకూ అదృష్టపు ఆటకూ ఉన్న తేడాను చెరిపేయడం కుదరదు అన్నది దాని తాత్పర్యం.

ఆ మధ్య కాలంలో శాఖల్లో కూర్చొన్నవాళ్ళకు కనబడిందేమిటో చెప్పాలి. ఎవరి పేరూ చెప్పను, చెప్పకూడదు కూడా. శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు ఉదయం ఖాతాలో పడుతుంది. రాత్రి పదకొండు దాటాక నూరు, రెండు నూర్లు, అయిదు నూర్లు అని వరసగా పోతూ ఉంటుంది. తెల్లవారేసరికి ఇరవై ముప్ఫై పద్దులు. పట్టుపురుగు పెట్టడానికి, హిప్పునేరళె తోటకు ఎరువు వేయడానికి ఉంచుకొన్న డబ్బు అది. అప్పుడప్పుడు నూరో రెండు నూర్లో తిరిగి వస్తుంది. ఆ తిరిగివచ్చిన పద్దే మనిషిని మర్నాటి రాత్రికి మళ్ళీ కూర్చోబెడుతుంది. తోపులో ఆడేటప్పుడు పెళ్ళామో అన్నో వచ్చి చెయ్యి పట్టుకొని లాక్కొని పోయేవాళ్ళు. దుప్పటి కింద ఆడేవాణ్ణి ఎవరు చూస్తారు?

2023 అక్టోబరు 1 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు. అంతకుముందే బెంగళూరు కంపెనీ గేమ్స్‌క్రాఫ్ట్‌కు సుమారు 21,000 కోట్ల పన్ను నోటీసు వెళ్ళింది. 2023 మేలో మన హైకోర్టు దాన్ని కొట్టేస్తే, సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నేర్పుదా అదృష్టందా అని అడగనే అడగరు. రెండూ నిషేధమే. నడిపేవాడికి మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జుల్మానా దాకా ఉంది. ఆ డబ్బు దాటించే బ్యాంకులకూ అంతే. ఆడేవాడికి మాత్రం శిక్ష లేదు. 1957లో వెంకటరామ అయ్యర్ గీసిన గీతను ఫోను ఆటల వరకు పార్లమెంటు చెరిపేసింది. హైదరాబాదు రమ్మీ కంపెనీ హెడ్ డిజిటల్ వర్క్స్ మన హైకోర్టులో దీన్ని సవాలు చేసింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇటువంటి పిటిషన్లను తన దగ్గరికి తెప్పించుకొంది.

నిషేధమే మందు అని నేను అనడం లేదు. నిషేధించిన మట్కా మన ఊళ్ళలో ఎన్నాళ్ళు నడిచిందో అందరికీ తెలుసు. సత్యనారాయణ తీర్పులోని ఆ రెండో వాక్యాన్ని పట్టుకొని, బల్లవాడి వాటా ఎంతవరకు అని ముందే హద్దు కట్టి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదేమో అని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఆటలు ఆగిన తర్వాత ఒక యువకుడు వచ్చి, పోయిన డబ్బు ఇప్పుడు కోర్టు ద్వారా తిరిగి వస్తుందా సార్ అని అడిగాడు. బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవాళ్ళందరికీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను గుర్తుంటుంది. పందెపు ఒప్పందం చెల్లదు, దాని మీద దావా నడవదు. మరి పందేనికి తెచ్చిన అప్పు అని అడిగాడు. పందెం చెల్లకపోయినా దాన్ని అంటిపెట్టుకొన్న వేరే ఒప్పందం చెల్లుతుందని 1959లో ఘెరులాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట అతనికి చెప్పి, బంగారం మీద తీసుకొన్న అప్పుకు గడువు పెంచే ఫారం ఇచ్చాను.