చాందా రైలుదారి వివాదము



ఏటూరునాగారమునుండి కాశీయాత్రకు బయలుదేరు పెద్దమనిషి మొదట ఓరుగల్లు చేరవలయును. ఆ గోదావరి తీరమునకు నేటికిని రైలు లేదు. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి బస్సులో గడచిన పిమ్మటనే ఆయనకు స్టేషను కానవచ్చును. అచట కిటికీకడ సొమ్ము చెల్లించి, టిక్కెట్టు పుచ్చుకొని, భద్రముగా జేబులో దాచుకొనును. ఇంత దూరమునకు ఇంత వెల యని సరిపెట్టుకొనునే కాని, ఆ దారి యెవరి సొమ్ముతో పడినది, ఏ షరతులపై పడినది యని విచారించుట అరుదు. ఈ ప్రశ్ననే 1883లో హైదరాబాదున కొందఱు పెద్దలడిగిరి. ఆ కథయే నేటి ప్రసంగము.

నిజాము ప్రభుత్వపు మొదటి రైలుదారి వాడినుండి సికింద్రాబాదువఱకు 1874లో తెఱవబడెను. దానిని తూర్పున ఓరుగల్లుమీదుగా బెజవాడకును, ఉత్తరమున చాందావైపునకును పొడిగింపవలయునని తలంచి, ప్రభుత్వము లండను పెట్టుబడిదారులతో బేరమాడెను. పెట్టుబడి కంపెనీది. ఆ పెట్టుబడిపై ఇరువది సంవత్సరములపాటు నూటికి 5 చొప్పున వడ్డికి పూచీ మాత్రము నిజాము ప్రభుత్వముది. బండి నిండినను, ఖాళీగా నడచినను ఆ వడ్డి యాగదు. రాబడి చాలనియెడల లోటును ఖజానా పూడ్చవలయును. ఖజానా యనగా నేమి? రైతు చెల్లించిన శిస్తే కదా! కావున రైలును కంటజూడని పల్లెటూరి కాపుకూడ, టిక్కెట్టు కొనకయే, దాని వెలలో పాలు పంచుకొనవలసినవాడయ్యెను.

1883 ఫిబ్రవరిలో దివాను సాలార్‌జంగు మరణించెను. ఆ యేడే రైలు బేరముపై నగరమున కలవరము పుట్టెను. కళాశాల ప్రధానోపాధ్యాయుడగు అఘోరనాథ ఛటోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారు రైలే వలదనలేదు. ఒడంబడిక షరతులను ప్రజలయెదుట నుంచుడు, వారి మాట వినుడు అనియే కోరిరి. సరోజినీదేవికి తండ్రియగు అఘోరనాథుని ప్రభుత్వము ఆ సంవత్సరమే రాజ్యమునుండి వెడలగొట్టెను. కొన్నియేండ్లకుగాని ఆయన తిరిగి రాలేకపోయెను. బేరము మాత్రము ఆగలేదు. కంపెనీకి నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వే యను పేరే స్థిరపడెను. పూచీ సంగతి ఆ పేరులోనే యున్నది.

ఓరుగల్లునకు 1886లోను, బెజవాడకు 1889లోను బండి నడచెను. కాని యే చాందాపేర వివాదము రేగెనో, ఆ దిక్కునకు దారి మాత్రము దశాబ్దములు పూర్తికాలేదు. అంతవఱకు ఓరుగల్లునుండి కాశీకి పోవువారు పడమట వాడిమీదుగా చుట్టు తిరిగియో, సికింద్రాబాదున చిన్నబండి యెక్కి మన్మాడున మరల పెద్దబండికి మారియో పోవలసివచ్చెడిది. 1929లో కాజీపేట, బల్లార్షాల నడిమి దారి పూర్తియైన పిమ్మట ఢిల్లీ మద్రాసులకు సూటిబాట యేర్పడెను. గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సు మొదలైనదియు నాయేడే. 1930లో రైల్వేను నిజాము ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొనెను.

ఇట్టి తగవు మనకే పరిమితము కాదు. చీనాదేశమున పెకింగునుండి హాంకౌవఱకు 1906లో రైలు నడచెను. హాంకౌనుండి కాంటనుకు దారి వేయుటకై ఊరూర జనము వాటాలు కొనిరి. 1911లో చక్రవర్తి ప్రభుత్వము ఆ దారులను స్వాధీనపఱచుకొని, విదేశీయుల అప్పుతో నిర్మింపబూనెను. సెచువాను రాష్ట్రమున వాటాదారులు తిరుగబడిరి. ఆ యలజడిలోనే అక్టోబరున ఊచాంగున విప్లవము చెలరేగి, మఱుసటియేడు మంచూ రాచఱికము కూలెను. కాంటను దారి 1936లో పూర్తియైనది. యాంగ్‌ట్సీ నదిపై వంతెన 1957లో పడువఱకు బండ్లను పడవలపై దాటించుచుండిరి. ఆ దూరప్రయాణపు టిక్కెట్టు వెనుకను ఇంత కథ యున్నది.

అచట రాజ్యమే మాఱెను. ఇచట ప్రశ్న అడిగినవారు ఊరు విడిచిరి. ఫలితములు వేఱైనను ప్రశ్న యొక్కటే: మా సొమ్ముతో జరుగు పనియొక్క షరతులు మాకు తెలియవలదా?

నేడు మన రైల్వే ప్రజాప్రభుత్వముది. దాని పద్దులు పార్లమెంటుముందు నుంచబడుచున్నవి. అడిగినవానిని దేశము వెడలగొట్టు కాలము గడచినది. రేపు మీ యూరికి రైలుదారియో, రోడ్డో, కాలువయో వచ్చునని యెవరైన చెప్పినపుడు సంతోషింపుడు. కాని దండలు వేయుటకు ముందు కాగితములు చదివించి వినుడు. వ్యయమెంత, పూచీ యెవరిది, లోటు పూడ్చువారెవరు అని సభలో నిలిచి యడుగుడు. అది పెద్దలైన మీకు తగిన పని.