మధ్య తలుపు

మన సర్వీసు కాలపు చరిత్ర ఏదైనా రాయమని సంపాదకులు కోరారు. జీవోల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను రెండు సంసారాల చరిత్ర రాస్తాను.

1971లో చిక్కడపల్లిలో ఒకే ఇంట రెండు పోర్షన్లలో అద్దెకు దిగాం. మాది కృష్ణా జిల్లా, వారిది వరంగల్లు. మగవాళ్లిద్దరం గుమాస్తాలమే. రెండు వంటిళ్లకూ మధ్య ఒక తలుపు, గడియ మా వైపు. ఆడవాళ్లు దాన్ని ఎన్నడూ వేసి ఎరుగరు. మా ఆవిడకు ఆమె అక్క, నాకు వదినగారు.

1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నిజాం కాలం నాటి ఆ నిబంధనల ప్రకారం ఉద్యోగానికి 15 ఏళ్ల స్థిరనివాసం ఉండాలి. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఎన్జీవోలు సమ్మె కట్టారు. రైళ్లు అస్తవ్యస్తమయ్యాయి. “1956లో ఇచ్చిన హామీలు ఏమైనయి?” అని ఆయన. “రాజధానిలో మేము పరాయివాళ్లమా?” అని నేను. 1973 జనవరిలో ఒక రాత్రి మాటా మాటా పెరిగింది. నేను లేచి వెళ్లి ఆ తలుపు గడియ వేశాను.

మా ఆవిడకు అప్పటికి నెలలు నిండాయి. రైళ్లను నమ్మి పుట్టింటికి పంపలేకపోయాం. నాలుగోనాడు తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. తనే గోడ పట్టుకుని నడిచి గడియ తీసింది. ఆయన ఒక్క మాట అనకుండా రిక్షా కోసం పరుగెత్తారు. వదినగారు ఆస్పత్రిలో వెంట ఉన్నారు. అబ్బాయి పుట్టాడు. మా అత్తగారు వచ్చేదాకా బాలింతకు పథ్యం, బిడ్డకు స్నానం అన్నీ వదినగారే చూశారు.

1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆయన తన వాదన వదలలేదు, నేనూ వదలలేదు. గడియ మాత్రం మళ్లీ పడలేదు.

ఆయన 2011లో కాలం చేశారు. 2014 జూన్ 2న మేమిద్దరం మిఠాయి పట్టుకుని వదినగారింటికి వెళ్లాం. ఆమె ఆయన పటం ముందు పెట్టి, తరువాత మా నోట పెట్టారు. ఆనాడు పుట్టిన మా అబ్బాయి సచివాలయ ఉద్యోగి. విభజనలో ఆంధ్రకు కేటాయించారు. 2016లో వెలగపూడికి బయలుదేరుతుంటే, “నా చేతుల్ల పెరిగిన పిల్లగాడు, యాడుంటే ఏంది” అని కళ్లు తుడుచుకున్నారు.

ఆ గడియ సంగతి ఆయన నా దగ్గర ఏనాడూ ఎత్తలేదు. తప్పయిందని నేనూ నోరు తెరిచి చెప్పలేదు. అందుకే ఈ పుటలో చెబుతున్నాను.