దూసున్ ప్రజల వరి విశ్వాసము – సంఘము నేర్చుకొనవలసిన వివేచన

బోర్నియో ద్వీపపు ఉత్తర భాగమున, మలేషియాలోని సబా రాష్ట్రములో దూసున్ ప్రజలు నివసించుచున్నారు. వీరు తరతరములుగా పల్లపు నేలలలో నీటి వరిని, కొండవాలులలో పోడు వరిని పండించిరి. వారి సంప్రదాయ జీవితమునకు వరియే కేంద్రము. ఆ విశ్వాసమును, దాని యెదుట సంఘము నడచిన తీరును ఈ వ్యాసములో పరిశీలించుచున్నాము.

వారి గాథ ప్రకారము సృష్టికర్త పేరు కినోరోహింగన్. ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఆయన కుమార్తె హుమినోదున్ బలి కాగా, ఆమె దేహమునుండి వరియు ఇతర ఆహారపు మొక్కలును మొలిచెను. కావున వరిలో ఆత్మ యున్నదని నమ్మి, కోత కాలమున దానిని తిరిగి ఇంటికి పిలుచు క్రతువు జరిపెడివారు. బొబొలియన్ అనబడు పూజారిణులు ప్రాచీన భాషలోని దీర్ఘమైన మంత్రములను కంఠస్థము చేసి, ఈ క్రతువులను, రోగశాంతిని నిర్వహించిరి. మృతుల ఆత్మలు 4,095 మీటర్ల ఎత్తైన కినబాలు పర్వతమునకు చేరునని వారి నమ్మకము.

1881లో మిల్ హిల్ కథోలిక మిషనరీలు ఉత్తర బోర్నియోకు వచ్చిరి. 1928లో ఆస్ట్రేలియాలో స్థాపింపబడిన బోర్నియో ఎవాంజెలికల్ మిషన్ కూడ తరువాత దూసున్ గ్రామములకు సువార్తను చేర్చెను. నేడు కదజాన్, దూసున్ ప్రజలలో అధికసంఖ్యాకులు క్రైస్తవులే. దూసున్ బైబిలులో దేవునికి వాడిన పేరు కినోరోహింగన్.

ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సంఘము పేరును స్వీకరించెను గాని గాథను సువార్తతో సమానము చేయలేదు. హుమినోదున్ బలి కడుపు ఆకలిని తీర్చినది, పాపమును తీర్చలేదు. వరి ఆత్మను ఏటేట మరల పిలువవలెను. క్రీస్తు బలి ఒక్కసారే అర్పింపబడినది (హెబ్రీ 10:10). అయినను ఆహారము ఒకరి ప్రాణము వలన కలిగినదను తలంపు వినువారి హృదయమును సిద్ధపరచగలదని మా అభిప్రాయము.

అయితే నష్టమును కూడ ఒప్పుకొనవలెను. బొబొలియన్లకు శిష్యురాండ్రు కరువగుటతో ప్రాచీన పదములు, పూర్వికుల కథలు మరుగగుచున్నవి. ఆ మంత్రములు ఆరాధనలో చేరనక్కరలేదు, కాని వ్రాసి భద్రపరచుట విగ్రహారాధన కాదు. మే 30, 31 తేదీలలో జరుగు కామతాన్ కోత పండుగను అనేక క్రైస్తవులు కృతజ్ఞతారాధనగా ఆచరించుచున్నారు.

తెలుగు బైబిలు అనువాదకులును “దేవుడు” అను పదమును మన ప్రజల నోటినుండియే తీసికొనిరి. మన సంఘములలోను కోత పండుగ కలదు. కావున కాపరులారా, ఈ యేడు ఆ పండుగ ప్రసంగము సిద్ధపరచుకొనుటకు ముందు, మీ సంఘములోని వృద్ధ స్త్రీల యొద్ద కూర్చుండి, వారు నాట్లలో, కోతలలో పాడిన పాటలను అడిగి వ్రాసికొనుడి. వేటిని విడువవలెనో, వేటిని నిలుపుకొనవలెనో విన్న తరువాతనే నిర్ణయించుడి.