మేస్త్రీ, మాస్టారు, అయ్యవారు

ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు ఏ దొర వలననో, ఏ సేఠు వలననో రాలేదు. 18వ శతాబ్ది చివరి నుండి నిజాం రాజ్యపు పల్లెలను విడిచి వచ్చి, రాళ్ళు మోసి, గోడలు కట్టిన కామాఠీల వలన వచ్చింది. ఈ శ్రామికుల భాషలో అధికారిని తెలిపే మాటలు కూడ పనిలో పుట్టినవే. కట్టడపు పనిలో పెద్ద మేస్త్రీ. నూలు మిల్లులో పెద్ద ముకాదం. అరబ్బీలో ఆ మాటకు ముందు నిలిపినవాడని అర్థం.

ఉపాధ్యాయ మిత్రులారా! మేస్త్రీ అనే మాటను కాస్త పరిశీలించండి. అది పోర్చుగీసు ‘మెస్త్రె’ నుండి వచ్చింది. మన మాస్టారు ఇంగ్లీషు ‘మాస్టర్’ నుండి వచ్చింది. రెండింటికీ మూలం లాటిన్ ‘మగిస్టర్’. అధిపతి, గురువు అని దాని అర్థాలు. పుట్టుకను బట్టి ఆ రెండు మాటలూ ఏకోదరులే.

మరి అయ్యవారు? మన పల్లెబడిలో గురువుకు అదే పేరు. 1873లో జోతిరావు ఫూలే పూణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచిన ముంబయి తెలుగువారిలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు ఒకరు. గుత్తేదారులైన వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కారాడి లింగూ ఆయనకు తోడు. కట్టడాలు కట్టించిన చేతులే చదువు ఉద్యమాన్ని మోశాయి.

కనుక, చాళ్ళ నుండి వచ్చే ఏ బిడ్డ అయినా ‘మా నాన్న మేస్త్రీ’ అని చెప్పటానికి సంకోచిస్తే, మేస్త్రీ, మాస్టారు అని నల్లబల్ల మీద పక్కపక్కనే వ్రాసి చూపండి. తల్లిదండ్రులారా, మీరూ ఈ కథను ఇంట తెలుగులోనే చెప్పండి. మాట మరచిన బిడ్డకు తాతల గౌరవం ఎలా తెలుస్తుంది?