మైదానం మీద బెంగళూరు రెక్కలు

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌కు ముందు భారత వైమానిక దళ విన్యాస బృందం సూర్యకిరణ్‌కు చెందిన తొమ్మిది హాక్ విమానాలు స్టేడియం మీదుగా దూసుకెళ్లాయి. ఆ దృశ్యం వెనుక బెంగళూరు చరిత్ర చాలానే ఉంది.

1996లో బీదర్‌లో ఏర్పడిన ఈ బృందం మొదట నడిపిన కిరణ్ విమానం బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారీ. 2011లో ఆగిన విన్యాసాలు, హెచ్‌ఏఎల్ లైసెన్స్‌తో తయారుచేసిన హాక్‌లతో 2015లో మళ్లీ మొదలయ్యాయి.

స్టేడియం మీదుగా ఎగిరేటప్పుడు, ప్రేక్షకులు తలెత్తి చూడాల్సిన క్షణం నుంచి పైలట్లు వెనక్కి లెక్కగడతారు: ఎక్కడ వేచి ఉండాలి, ఎప్పుడు మలుపు తిరగాలి, ఎంత వేగంతో రావాలి. కింద కార్యక్రమం ఆలస్యమైతే పైన మరో చుట్టు తప్పదు.

సాధన కూడా ప్రాణాంతకమే. 2019 ఫిబ్రవరి 19న బెంగళూరులోని యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన రిహార్సల్‌లో రెండు హాక్‌లు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. ఆ త్యాగాన్ని ఈ నగరం మరవకూడదు. 2021 ఏరో ఇండియాలో అదే యలహంక మీద వైమానిక దళ సారంగ్ బృందం హెలికాప్టర్లతో కలిసి సూర్యకిరణ్ ఎగిరింది.