ఠక్ ఠక్ ఆవాజ్‌కు సీసం ఇలాజ్

పెనుకొండ తారీఖ్ అనగానే మనవాళ్ల కలం కోట దగ్గర ఆగిపోతుంది. 1565లో తళ్లికోట జంగ్ తర్వాత విజయనగర పాలకులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారని రాస్తాం. బాబయ్య దర్గా గురించి రాస్తాం, షేర్ ఖాన్ మసీదు గురించి రాస్తాం. అన్నీ రాయదగ్గవే. కానీ గత అరవై డెబ్బై ఏళ్లలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ముస్లిం ఖాందాన్లు ఏ పని చేసి రోజీ సంపాదించుకున్నాయో రాసినవాళ్లు తక్కువ. ఆ తారీఖ్‌లో పెద్ద భాగం మోటారు షెడ్లలో ఉంది. మీ ఇంట్లో కూడా పానా పట్టిన ఒక మామూనో, చాచానో ఉండే ఉంటారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు కూడా వాహనాల రిపేరు లాంటి పనుల్లో ముస్లింలు ఎక్కువగా కనిపిస్తారని లెక్కలతో చెప్పింది. మన మొహల్లాల వాళ్లకు ఆ సంగతి రిపోర్టు రాకముందే తెలుసు.

ఆ షెడ్ల తారీఖ్ మొత్తం రాయాలంటే కితాబ్ కావాలి. నేను ఒకే ఒక ఆవాజ్ వెంట పోతాను. పాత కారు ఇంజిన్‌లో వచ్చే ఠక్ ఠక్. మెకానిక్కులు నాకింగ్ అంటారు. ఈ చిన్న ఆవాజ్ వెనక అమెరికా నుంచి హిందూపురం దాకా ఒక పెద్ద కహానీ ఉంది.

ముందు ఆ జమానా గుర్తు చేసుకుందాం. ఇప్పుడు నలభై నాలుగో నెంబరు జాతీయ రహదారి అంటున్నదాన్ని అప్పుడు ఏడో నెంబరు అనేవాళ్లం. బెంగళూరు, హైదరాబాద్ మధ్య తిరిగే బండ్లన్నీ పెనుకొండ మీదుగానే పోయేవి. 2000 నవంబరులో పుట్టపర్తికి సొంత రైల్వే స్టేషన్ వచ్చేదాకా అక్కడికి వెళ్లే జనం ధర్మవరంలోనో, పెనుకొండలోనో, హిందూపురంలోనో రైలు దిగి అంబాసిడర్ టాక్సీ ఎక్కేవాళ్లు. ధర్మవరం పట్టుచీరల సేట్లకు, హిందూపురం బెల్లం, చింతపండు మండీ వ్యాపారులకు అంబాసిడరో, ఫియట్ పద్మినో ఉండేది. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైంది. చాలా ఏళ్లు దాని గుండెకాయ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఇంగ్లండు మోరిస్ కారు వంశానిది. అందులో సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. మర్జ్ ఏమిటో తెలియాలంటే చెవే దిక్కు.

హిందూపురంలో డెబ్బై దాటిన ఒక ఉస్తాద్‌ని కలిశాను. పేరు రాయొద్దన్నారు. తన షాగిర్దులకు మొదటి ఆరు నెలలు ఒకటే సబక్ చెప్పేవారట: "ఆవాజ్ సున్, హాత్ బాద్ మే లగా." ముందు విను, చెయ్యి తర్వాత పెట్టు. హకీం సాబ్ నబ్జ్ పట్టినట్టే ఈ పని కూడా. ఠక్ ఠక్ అన్నది ఒకే మర్జ్ కాదు, నాలుగైదు మర్జ్‌ల జబాన్ అని ఆయన చెప్పారు. 

పైనుంచి సన్నగా, కుట్టుమిషన్‌లా టిక్ టిక్ అంటే టాపెట్. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు పెరిగింది. ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేస్తే అరగంట పని. పొద్దున చల్లని ఇంజిన్‌లో టక టక అని, వేడెక్కాక తగ్గితే పిస్టన్ సిలిండర్‌లో అటూ ఇటూ కొట్టుకుంటోంది. బోరు అరిగింది. ఇంకొన్నాళ్లు సబర్ చేయొచ్చు. కింది నుంచి బరువుగా, ఆక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా ధక్ ధక్ అంటే మాత్రం బండి అక్కడే ఆపాలి. అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్. అలాగే తోలితే రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకునే బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది.

ఏ సిలిండరో ఎలా పట్టేవాళ్లు? ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసేవాళ్లు. ఏ వైరు తీసినప్పుడు ఠక్ ఠక్ మెత్తబడుతుందో ఆ సిలిండరే మరీజ్. అక్కడ పేలుడు ఆగితే రాడ్ మీద దెబ్బ తగ్గుతుంది, అదీ సూత్రం. ఇంకా నమ్మకం కుదరకపోతే పొడవాటి పేచ్‌కస్ మొన బ్లాకుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి వినేవాళ్లు. డాక్టరు స్టెతస్కోపుకు ఇదేం తక్కువ? తర్వాత ఆయిల్ చాంబర్ దించి, బేరింగ్ క్యాప్ విప్పి, షెల్ చూడటం. షెల్ మీది మెత్తని పూత లేచిపోయి కింది లోహం కనిపిస్తే షక్ తీరిపోయినట్టే. క్రాంక్ అరిగి ఉంటే ఖరాద్ మీదికి. పది థౌ, ఇరవై థౌ గ్రైండింగ్ చేయించి, ఆ కొలతకు తగ్గ షెల్స్ వేసేవాళ్లు.

ఇప్పుడు అసలు నాకింగ్. ఇది అరిగిపోవడం వల్ల వచ్చేది కాదు. నిండా జనంతో, టాప్ గేరులో ఎత్తు ఎక్కుతుంటే రేకు డబ్బాలో గోళీలు ఊపినట్టు గలగలమంటుంది. ప్లగ్గు నిప్పు వెలిగించాక మంట ఒక వైపు నుంచి వరుసగా పాకాలి. మంట చేరకముందే ఆ చివరి మూల మిగిలిన పెట్రోల్ ఆవిరి వేడికి, ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటే ఆ దెబ్బ గోడలకు తగిలి మోగుతుంది. అదే నాకింగ్. వదిలేస్తే పిస్టన్ నెత్తి కరుగుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. 

దీనికి ఉస్తాదుల ఇలాజ్ మూడు రకాలు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు పదిహేను థౌకు తెచ్చి, దాని బోల్టు వదులు చేసి, రోటర్ తిరిగే దిక్కునే కొంచెం తిప్పి నిప్పును ఆలస్యం చేయడం ఒకటి. హెడ్డు దించి లోపల పేరుకున్న కార్బన్ గీకడం రెండోది. మూడోది, ఏ బంకులో పెట్రోల్ పోయించావని డ్రైవర్‌ని అడగడం. కిరోసిన్ కలిపిన పెట్రోల్‌కు నాకింగ్ ఖాయం. బంకు వాడి బేయిమానీ ముందు ఇంజిన్‌లో మోగుతుంది, అది విన్న ఉస్తాద్ చెవికి లెక్క తేలిపోతుంది.

ఈ నాకింగే వంద ఏళ్ల కింద అమెరికా కంపెనీల నిద్ర పాడు చేసింది. ఇంజిన్‌కు తాకత్ పెంచాలంటే కంప్రెషన్ పెంచాలి, పెంచితే నాకింగ్. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో చార్లెస్ కెటరింగ్ కింద పనిచేసే థామస్ మిడ్జ్‌లీ ఎన్నో పదార్థాలు కలిపి చూశాడు. 1921 డిసెంబరు 9న, ఓహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, టెట్రాఇథైల్ లెడ్ కలపగానే ఇంజిన్ ఠక్ మనడం మానేసింది. చారెడు మందు, ట్యాంకెడు పెట్రోల్‌కు సరిపోతుంది. 1923 ఫిబ్రవరిలో అదే ఊళ్లో అమ్మకం మొదలైంది.

లెడ్ అంటే సీసం. ఉర్దూలో సీసా. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కనుక ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. మన ఇంట్లో సీసా అంటే లోహం, తెలుగు క్లాసులో సీసం అంటే పద్యం, బజారులో సీసా అంటే బాటిల్. ఆ చివరిది మన శీశా నుంచి వచ్చిందే. ఇన్ని అర్థాలు మనకున్నా, అమెరికా కంపెనీ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. సరుకుకు "ఇథైల్" అని పేరు పెట్టింది. లెడ్ అనే మాట ప్రచారంలో ఎక్కడా లేదు. సీసం జహర్ అని రోమనుల కాలం నుంచీ హకీములకు తెలుసు మరి.

1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఈ మందు తయారుచేసే చోట కార్మికులు పిచ్చెక్కినట్టు అరుస్తూ ఆసుపత్రి పాలయ్యారు. ఐదుగురు చనిపోయారు. ఆ నెలాఖరులో మిడ్జ్‌లీ విలేకరులను పిలిచి, వాళ్ల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, నిమిషం సేపు వాసన పీల్చి చూపించాడు. అంతకు ముందు ఏడాదే తనకు సీసం జహర్ ఎక్కి ఆరామ్ తీసుకుని వచ్చాడు. ఈ సంగతి ఆ విలేకరులకు చెప్పలేదు. పేషా రీత్యా నేనూ విలేకరినే కాబట్టి ఈ మనిషి మీద నాకు కోపం కాస్త ఎక్కువ. 1925లో వాషింగ్టన్‌లో పెద్ద సమావేశం జరిగింది. ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ ఎంత చెప్పినా, కొన్నాళ్లు ఆగిన అమ్మకం 1926లో మళ్లీ మొదలైంది. దునియా అంతా పాకింది.

ఇందులో మరీ బాధ కలిగించే హకీకత్ ఒకటుంది. పెట్రోల్‌లో అల్కహాల్ కలిపినా నాకింగ్ ఆగుతుందని కెటరింగ్‌కూ, మిడ్జ్‌లీకీ ముందే తెలుసు. కానీ అల్కహాల్ ఎవరైనా కాచుకోగలరు, దాని మీద ఒక కంపెనీకి గుత్తాధికారం దొరకదు. సీసం మందుకు పేటెంటు దొరుకుతుంది. 

ఇక హిందూపురం రండి. మన దేశంలో 1990ల ఆరంభం దాకా లీటరు పెట్రోల్‌లో 0.56 గ్రాముల వరకు సీసం ఉండేది. ఆ సీసం పొగ గొట్టం నుంచి రోడ్డు మీదికి పోయేది, కొంత ఇంజిన్ లోపలే పేరుకునేది. హెడ్డు దించినప్పుడు నల్లటి కార్బన్‌తో పాటు బూడిద రంగు పొర కనిపించేది. దాన్ని గీకే పని పెద్ద ఉస్తాద్ చేసేవాడు కాదు, పదకొండు పన్నెండేళ్ల షాగిర్ద్ చేసేవాడు. గీకి, ఆ పొడిని నోటితో ఊదేవాడు. గ్రీజు చేతుల్ని పెట్రోల్‌తోనే కడిగి, ఆ చేత్తోనే రోటీ తినేవాడు. ట్యాంకులోంచి పెట్రోల్ తీయాలంటే రబ్బరు గొట్టం నోట్లో పెట్టి పీల్చేవాడు. ఒక గుక్క లోపలికి పోతే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. టెట్రాఇథైల్ లెడ్ చర్మం గుండానే ఒంట్లోకి పోతుందని షెడ్డులో ఎవరికి తెలుసు?

సీసం ఒంట్లో చేరితే కడుపులో మెలిపెడుతుంది, రక్తం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లల్లోనైతే చదువు తలకెక్కదు. ఈ చివరి మాట చదివినప్పుడు నా కలం ఆగిపోయింది. "వీడికి చదువు రాదు, షెడ్డులో వేయండి" అని మన మొహల్లాలో ఎంతమంది పిల్లల గురించి అన్నారో మీకూ గుర్తుండే ఉంటుంది. షెడ్డులో చేరాక వాడి దిమాగ్ మీద ఇంకో బరువు పడిందన్నమాట. హిందూపురం ఉస్తాద్ ముప్పై ఏళ్లు కడుపునొప్పికి సోడా తాగారట, గ్యాస్ అనుకుని. ఆ నొప్పి సీసానిదే అని తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ నేను ఈ మూడు ఊళ్లలో మాట్లాడిన ఆరుగురిలో ఒక్కరికి కూడా సీసం కోసం రక్త పరీక్ష జరగలేదు. అలాంటి పరీక్ష ఒకటి ఉందని కూడా వాళ్లకు తెలియదు. 

1999లో బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ పెద్ద నగరాల పిల్లల రక్తం పరీక్షించి, సగానికి పైగా పిల్లల్లో సీసం ప్రమాదకరమైన మోతాదులో ఉందని తేల్చింది. అది రోడ్డు మీది గాలి పీల్చిన పిల్లల లెక్క. ఇంజిన్ గీకిన పిల్లల లెక్క అందులో విడిగా లేదు.

సీసం లేని పెట్రోల్ 1995 ఏప్రిల్‌లో వచ్చింది. అదీ ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు నగరాలకు, కొత్త కార్ల కోసం. దేశమంతా సీసం ఆగింది 2000 ఫిబ్రవరిలో. అంటే చిన్న ఊళ్లకు ఇంకో ఐదేళ్ల జహర్. దునియాలో ఆఖరి బంకు, అల్జీరియాలో, 2021లో ఆపింది.

సీసం పోయాక పాత అంబాసిడర్లకు కొత్త మర్జ్ వచ్చింది. సీసం పొర వాల్వు సీట్లకు మెత్తలా పనిచేసేది. అది లేక సీట్లు అరిగి, వాల్వులు లోపలికి దిగి, టాపెట్ సందు మూసుకుపోయేది. సందు మూసుకుంటే టిక్ టిక్ తగ్గుతుంది. ఓనరు ఖుష్ అవుతాడు, బండి మాత్రం ఎత్తు ఎక్కదు. ఆవాజ్ లేకపోవడమే మర్జ్ అని ఉస్తాదులే కనిపెట్టి, ఖరాద్ మీద గట్టి సీట్లు కూర్చి నిలబెట్టారు.

2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బజారుకు వచ్చింది. ఇప్పటి పెట్రోల్ ఇంజిన్లలో బ్లాకు మీద బొటనవేలంత నాక్ సెన్సర్ ఉంటుంది. మనిషి చెవికి అందకముందే అది విని కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ నిప్పును వెనక్కి జరుపుతుంది. పేచ్‌కస్ చెవికి ఆనించిన ఉస్తాద్ మనవడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, స్కానర్ పెట్టి కోడ్ చదవగలడు. తాత దగ్గర కూర్చుని ధక్ ధక్‌కూ, టక టకకూ ఫరక్ కూడా నేర్చుకుంటున్నాడు. స్కానర్‌కు వైరు పెట్టే చోటే లేని పాత బండ్లు హిందూపురంలో ఇంకా ఉన్నాయి మరి.

2023 నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్ అంటే అల్కహాలే. మిడ్జ్‌లీ వందేళ్ల కింద పక్కన పెట్టిన మందు మన బంకుకు చేరింది. నాకింగ్‌కు ఇది మేలే. కాకపోతే పాత బండి రబ్బరు గొట్టాలు, పెట్రోల్ పంపు డయాఫ్రం దీనికి తట్టుకోవు. మీ ఇంట్లో దాదాజాన్ అంబాసిడర్ ఇంకా ఉంటే ఆ గొట్టాలు మార్పించండి. పాతికేళ్లుగా మూలన పడి ఉన్న ఇంజిన్ అయితే, హెడ్డు దించే రోజు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆ బూడిద పొరలో పాత సీసం ఇంకా అలాగే ఉంటుంది. పొడిగా గీకకుండా ఆయిల్‌తో తడిపి తుడవమనండి, మాస్క్ పెట్టుకోమనండి. ఆ గుడ్డను కాల్చొద్దని కూడా చెప్పండి.